రాయి సముద్రం నుంచి తేవద్దు, మనమే చేసుకుందాం

మీర్‌పేట్,
హైదరాబాద్.

ప్రియమైన పాఠక మిత్రులకు,

ఇన్నాళ్లూ మంచినీటి చేపల గురించే రాసుకున్నాం. గప్పీలు, ఏంజెల్‌లు, గోల్డ్‌ఫిష్‌లు పెంచి చేయి తిరిగిన మీలో కొందరు ఇప్పుడు ఉప్పునీటి తొట్టి మీద మనసు పడ్డారు. చాలా సంతోషం. వచ్చిన ఉత్తరాల్లో దాదాపు అందరూ అడిగింది ఒక్కటే: క్లౌన్ చేప దొరుకుతోంది, తొట్టిలో కలిపే సముద్రపు ఉప్పు దొరుకుతోంది, మరి పగడపు రాయి ఎక్కడ దొరుకుతుంది?

నా జవాబు సూటిగా చెబుతాను. దాన్ని వెతకవద్దు, కొనవద్దు. ఇంటి వెనక జాగాలోనో డాబా మీదో మనమే చేసుకుందాం. ఎందుకో, ఎలాగో వివరంగా రాస్తున్నాను.

ముందు ఆ రాయి పనేమిటో చూద్దాం. ఉప్పునీటి తొట్టిలో రాయి అలంకారం కోసం కాదు, నీటిని బతికించడానికి. చేప విసర్జించిన దాంట్లోంచి, మిగిలిపోయిన మేతలోంచి అమ్మోనియా పుడుతుంది. అది చేపకు విషం. రాయి పైపొరల్లో కాపురముండే ఒక రకం బ్యాక్టీరియా అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది, మరో రకం నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. రాయి లోపలి రంధ్రాల్లో, ఆక్సిజన్ సరిగా అందని చోట ఉండే ఇంకో రకం ఆ నైట్రేట్‌ను నత్రజని వాయువుగా మార్చి గాల్లోకి పంపేస్తుంది. అంటే మనకు పగడమే కావాలని లేదు. సూక్ష్మజీవులు ఇల్లు కట్టుకోవడానికి సందులూ గొందులూ ఉన్న రాయి ఏదైనా చాలు. రాయే నీటిని బతికించగలదని జకార్తాలో లీ చిన్ ఎంగ్ అనే ఆయన 1961లోనే లోకానికి చెప్పాడు. సముద్రంలోంచి తెచ్చిన సజీవమైన రాళ్లతో, సన్నటి గాలి బుడగలతో, పెద్ద యంత్రాలేవీ లేకుండా తొట్టిని నడిపి చూపించాడు. ఆ తర్వాత ప్రపంచమంతటా రాళ్లకు గిరాకీ పెరిగింది. అది పగడపు దిబ్బలకు మరో కష్టమైంది.

దిబ్బను పెకలిస్తే ఏమవుతుందో చెప్పడానికి మనకు దగ్గరి ఉదాహరణ మన్నార్ సింధుశాఖ. తమిళనాడు తీరంలో రామేశ్వరం నుంచి తూత్తుకుడి దాకా 21 దీవులు, వాటి చుట్టూ పగడపు దిబ్బలు. ఆ దిబ్బలను పలుగులతో పెకలించి ఏళ్ల తరబడి సున్నానికీ కట్టడాలకూ తరలించారు. 1986లో ఆ ప్రాంతాన్ని సముద్ర జాతీయ ఉద్యానంగా ప్రకటించారు. ఆ దీవుల్లో పూవరసన్‌పట్టి, విలాంగుచల్లి అనే రెండు నీట మునిగాయి. అలల దెబ్బను కాచే పగడపు గోడ పోవడమే అందుకు పెద్ద కారణం. దిబ్బను కట్టే పగడాలన్నిటినీ 2001లో వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో చేర్చారు. పులి ఉన్నది కూడా ఆ షెడ్యూల్‌లోనే. మన సముద్రంలోంచి పగడం ముక్క తీసినా, అమ్మినా, కొన్నా నేరం. శిక్ష మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా ఉంటుంది. ఇంట్లో దృష్టి దోషం పోతుందని ఫ్రేము కట్టి అమ్మే 'ఇంద్రజాల్' కూడా చెట్టు వేరు కాదు, విసనకర్రలా పెరిగే ఒక జాతి పగడమే. దానికీ ఈ చట్టమే వర్తిస్తుంది.

చట్టం లేకపోయినా నేను ఇదే మాట చెప్పేవాణ్ణి. ఒక దిబ్బ పెరగడానికి వేల ఏళ్లు పడుతుంది. మన ముందుగది అందం కోసం దాన్ని విరగ్గొట్టే హక్కు మనకు లేదు.

ఇక రాయి తయారీకి వద్దాం. అమెరికాలో ఐడహో రాష్ట్రం బాయిసీ ఊళ్లో లెరాయ్ హెడ్లీ దంపతులు నడిపిన సంస్థ ఈ పద్ధతిని బాగా ప్రచారం చేసింది. దానికి వాళ్లు 'అరగోక్రీట్' అని పేరు పెట్టారు. సిమెంటులో పగడపు నలుసు కలిపి రాళ్లు పోయడమే ఆ పద్ధతి. మనం పగడపు నలుసు జోలికి వెళ్లకూడదు. దానికి బదులు మన దగ్గర మంచి సరుకే ఉంది. గుడ్లు పెట్టే కోళ్లకు పెంకు గట్టిపడాలని దాణాలో గుల్లల నలుసు కలుపుతారు. హైదరాబాద్ చుట్టూ కోళ్లఫారాలు ఎన్నో ఉన్నాయి కాబట్టి దాణా అమ్మే చోట అడిగితే షెల్ గ్రిట్ పేరుతో దొరుకుతుంది. ఆల్చిప్పలైనా, పగడపు అస్థిపంజరమైనా కాల్షియం కార్బొనేటే. తెచ్చాక మట్టీ వాసనా పోయేదాకా కడిగి ఎండబెట్టండి.

సిమెంటు దగ్గర జాగ్రత్తగా ఉండాలి. బస్తా మీద ఓపీసీ అని ఉన్నది తీసుకోండి. పీపీసీ అని ఉంటే అందులో థర్మల్ కేంద్రాల బూడిద కలిసి ఉంటుంది. అది ఇంటి గోడకు మంచిదే, కానీ ఉప్పునీటి తొట్టికి ఏమీ కలవని సిమెంటే మేలు. తెల్లగా ఉంది కదా అని వాల్ పుట్టీ తేవద్దు, అందులో జిగురు రసాయనాలుంటాయి. నీరు కారకుండా కలిపే ద్రావకాలూ వద్దు. బూడిదరంగు చూసి దిగులు పడకండి. కొన్ని నెలలకు గులాబీ, ఊదా రంగుల సున్నపు నాచు దాన్ని కప్పేస్తుంది.

ఈ సిమెంటు గురించి ఇంకో మాట చెప్పాలి. మీర్‌పేట్ పక్క నుంచి పోయే సాగర్ రోడ్డు పట్టుకుని కృష్ణ ఒడ్డుకు చేరితే వాడపల్లి, మట్టంపల్లి, మేళ్లచెరువు ప్రాంతాల్లో వరసగా సిమెంటు కర్మాగారాలు కనిపిస్తాయి. అక్కడి నేల అడుగున ఉన్న సున్నపురాయి యాభై కోట్ల ఏళ్లకు పైగా వెనక, లోతు తక్కువైన ఒక సముద్రం అడుగున పేరుకున్నది. నాగార్జునకొండ, అమరావతి శిల్పులు బుద్ధుడి కథలు చెక్కిన పల్నాటి రాయి కూడా ఈ వరసలోదే. ఆ రాతినే కాల్చి, పొడి చేసి బస్తాల్లో నింపుతున్నారు. సముద్రం మనకు మూడు వందల కిలోమీటర్ల దూరమని అనుకుంటాం. ఒకప్పటి సముద్రం మన జిల్లాల కిందే ఉంది. అందుకే ఈ సిమెంటుతో మనం చేసే రాతిని నకిలీ అనడం నాకు ఇష్టముండదు.

పాళ్లు ఇవి. ఒక డబ్బా సిమెంటుకు రెండు డబ్బాల గుల్లల నలుసు, ఒకటి నుంచి రెండు డబ్బాల దొడ్డుప్పు. ఈ ఉప్పు తర్వాత నీళ్లలో కరిగిపోయి, అది ఉన్న చోటల్లా రంధ్రం మిగులుతుంది. ఉప్పు పెరిగితే రంధ్రాలు పెరుగుతాయి, బలం తగ్గుతుంది. అడుగున బరువు మోసే రాళ్లకు ఒక పాలు, పైన పెట్టే వాటికి రెండు పాళ్లు వేయండి. ముందు సిమెంటూ నలుసూ పొడిగా కలిపి, కాసిని నీళ్లు చిలకరించి తడిపి, చివర్లో ఉప్పు వేసి తిప్పండి. ముందే వేస్తే కరిగిపోతుంది. మా వీధిలో ఇల్లు కడుతున్న మేస్త్రిని నీళ్లెన్ని పోయాలని అడిగితే ఒక్క ముక్కలో తేల్చేశాడు: "ముద్ద పట్టేటంత చాలు సార్. జారుడు చేస్తే రేపు పొడి రాలుతది." పిడికిట్లో నొక్కితే ముద్ద నిలవాలి, నీరు కారకూడదు. అంతకు మించి లెక్క అక్కర్లేదు.

సిమెంటు చర్మాన్ని కాలుస్తుంది కాబట్టి రబ్బరు గ్లౌజులు వేసుకోండి. పొడి ఊపిరితిత్తుల్లోకి పోకుండా ముక్కుకు మాస్కు కట్టుకోండి. పిల్లలను దూరంగా ఉంచండి.

అచ్చు కోసం వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బులో తడి ఇసుక నింపి, చేత్తో గుంటలు తవ్వండి. గుంట ఎంత వంకరటింకరగా ఉంటే రాయి అంత సహజంగా వస్తుంది. ముద్దను గట్టిగా అదమకుండా వదులుగా వేయండి, సందులు మిగలాలి. మధ్యలో ప్లాస్టిక్ పైపు ముక్క గానీ, తడి ఇసుక ఉండలు గానీ పెడితే చేపలు దూరి పోయే సొరంగాలు ఏర్పడతాయి. ఇనుప ఊచ, తీగ మాత్రం లోపల పెట్టకండి. ఉప్పునీళ్లలో తుప్పు పట్టి రాయిని చీలుస్తుంది. మొత్తం మీద లీటరు నీటికి వంద గ్రాముల రాయి లెక్కన చేసుకోండి. రెండు వందల లీటర్ల తొట్టికి ఇరవై కిలోలు సరిపోతాయి. అపార్ట్‌మెంటులో ఉండేవాళ్లు నీళ్ల బరువూ రాళ్ల బరువూ కలిపి చూసుకుని, గోడవారగా, దూలం ఉన్న చోట స్టాండు పెట్టుకోండి.

రెండో రోజు మెల్లగా ఇసుకలోంచి తీసి, తడి గోనె సంచి కప్పి వారం పాటు ఆరనివ్వకుండా చూడండి. శ్లాబుకు చేసే క్యూరింగే ఇదీ. ఎండాకాలంలో డాబా మీద గోనె గంటలో ఎండిపోతుంది. వానాకాలంలో మొదలుపెట్టిన వాళ్లకు సగం పని వానే చేసిపెడుతుంది.

ఆ తర్వాత మంచినీళ్ల డ్రమ్ములో నానబెట్టండి. ముందు ఉప్పు కరుగుతుంది. ఆ వెనక సున్నం దిగడం మొదలవుతుంది. సిమెంటు గట్టిపడేటప్పుడు లోపల సున్నం మిగిలిపోతుంది, అది నీళ్ల పీహెచ్‌ను 12 దాకా తీసుకుపోగలదు. ఉప్పునీటి తొట్టిలో ఉండవలసింది 8.1 నుంచి 8.4. తొందరపడి రాయిని తొట్టిలో పెడితే ఒక్క రాత్రిలో అన్నీ చచ్చిపోతాయి. అందుకే మొదటి వారం రెండు మూడు రోజులకోసారి, తర్వాత వారానికోసారి నీళ్లు మార్చండి. ఆర్వో యంత్రం వదిలేసే నీళ్లు ఈ పనికి చక్కగా పనికొస్తాయి. నీటి మీద తెల్లటి పల్చని పొర కడితే కంగారు పడకండి. సున్నం గాల్లోని కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి మళ్లీ సున్నపురాయిగా మారుతోందన్నమాట. ఒకటి రెండు నెలలకు, వారం రోజులు నీళ్లు మార్చకుండా వదిలేసినా పీహెచ్ 8.5 దాటకపోతే రాయి సిద్ధమైనట్టే.

పారబోసే నీళ్ల గురించి ప్రత్యేకంగా వేడుకుంటున్నాను. వాటిని వాననీటి కాలువలో పోయకండి. మన దగ్గర ఆ కాలువలు పెద్ద చెరువుకో మంత్రాల చెరువుకో చేరతాయి. ఆ చెరువులు ఇప్పటికే మోయలేనంత మోస్తున్నాయి. బాత్రూం డ్రైనేజీలోనే పోయండి. మొక్కలకూ పోయవద్దు.

సిద్ధమైన రాయి అప్పటికి ఉత్త రాయే. దాన్ని తొట్టిలో పేర్చి, ఆర్వో నీళ్లలో సముద్రపు ఉప్పు కలిపి సాంద్రత 1.025కు తెచ్చి, 25, 26 డిగ్రీల వేడిలో పంపు నడిపిస్తూ ఉంచండి. బాగా నడుస్తున్న తొట్టిలోంచి కాస్త ఇసుక తెచ్చి వేస్తే బ్యాక్టీరియా విత్తనం పడుతుంది. చిటికెడు మేత వేస్తే వాటికి ఆహారం. నాలుగు నుంచి ఆరు వారాల్లో అమ్మోనియా పెరిగి తగ్గుతుంది, నైట్రైట్ పెరిగి తగ్గుతుంది. రెండూ సున్నాకు దిగి అక్కడే నిలిచాక ఒక్క చేపతో మొదలుపెట్టండి. క్లౌన్ చేపలను హ్యాచరీల్లో పుట్టించే పద్ధతులను మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ఎప్పుడో రూపొందించింది. కొనేటప్పుడు హ్యాచరీలో పుట్టినదేనా అని అడిగి కొనండి.

ఇదే సంస్థ తమిళనాడు తీరంలో కాంక్రీటు త్రిభుజాలనూ, బావి ఒరల్లాంటి దిమ్మెలనూ సముద్రంలో దించి చేపలకు నీడ కల్పించింది. పాడైన చోట మనిషి చేసిన రాయి కూడా జీవానికి ఆసరా ఇస్తుందని అది చూపించింది. మనం ఇంట్లో చేసేది అదే పని, చిన్న కొలతలో.

రాయి పోయడం నుంచి మొదటి చేప దాకా నాలుగు నెలలు పట్టవచ్చు. ఆ నాలుగు నెలలూ వృథా అనుకోకండి. పీహెచ్ కొలవడం, ఉప్పు కలపడం, నీటి మార్పును గమనించడం అన్నీ ప్రాణం మీదికి రాకముందే చేతికి అలవాటవుతాయి. ఈ లోపు ఎవరైనా "సముద్రం నుంచి తెప్పించిన అసలు రాయి" అంటూ బేరానికి వస్తే, చట్టం సంగతి చెప్పి మర్యాదగా పంపించేయండి.

ఎల్బీ నగర్, దిల్‌సుఖ్‌నగర్, మీర్‌పేట్ వైపు ఉన్నవాళ్లు రాయి సిద్ధమయ్యాక నాకు రాయండి. విత్తనానికి నా తొట్టిలోని ఇసుక ఇస్తాను. మీ తొట్టి నిలదొక్కుకున్నాక మీరు ఇంకొకరికి ఇవ్వండి. ఇలా చేతులు మారుతూ పోతే హైదరాబాద్‌లో ఎన్ని తొట్లు పెరిగినా సముద్రంలోంచి ఒక్క రాయి కూడా తీయనక్కర్లేదు.

ఇట్లు,
మీ చేపల నేస్తం