భరతుని లేడి, శామీర్‌పేట గుర్రం

శామీర్‌పేట చెరువుకు కొంత దూరంలో, రాజీవ్ రహదారి రొద సన్నగా వినవచ్చే చోట, 20 గుంటల స్థలంలో చిన్న ఇల్లు కట్టుకొని ఒక విశ్రాంత సంస్కృతోపాధ్యాయుడు నివసిస్తున్నారు. వయస్సు 63. ఊరివారందరికీ ఆయన మాస్టారు. ప్రాతఃకాలమున జపము, మధ్యాహ్నము భాగవత పారాయణము, సాయంకాలము ఇద్దరు ముగ్గురు పిల్లలకు అమరకోశ పాఠము. ఉద్యోగవిరమణానంతరం ఈ క్రమాన్ని ఆయన నిష్ఠగా అనుష్ఠిస్తూ వచ్చారు. గృహస్థాశ్రమ వ్యాపారములు ఒక్కొక్కటిగా సడలుతున్నాయనీ, వానప్రస్థానికి మనస్సు సిద్ధమవుతున్నదనీ ఆయన విశ్వాసం. ఆ విశ్వాసంలోనికి ఒక మాఘమాసంలో గుర్రం ప్రవేశించింది.

అది 7 ఏండ్ల థరోబ్రెడ్ జాతి మగగుర్రం. ఎరుపు కలిసిన గోధుమవన్నె, నుదుట సన్నని తెల్లచార. మలక్‌పేట పందెపు మైదానంలో కొన్ని ఋతువులు పరుగెత్తింది. హైదరాబాదులో గుర్రపు పందెములు 1868లో మౌలాలీలో ఆరంభమై, ఆరవ నిజాము కాలంలో 1886లో మలక్‌పేటకు తరలివచ్చాయి. నాటి నుండి నేటి వరకు అక్కడ పరుగెత్తి అలసిన గుర్రాలు ఎటు పోతాయన్నది ప్రేక్షకులెవ్వరూ అడగని ప్రశ్న. ఈ గుర్రానికి ముందరికాలి నరము దెబ్బతిన్నది. పందెములకు పనికిరాక, మేడ్చల్ వైపు పోయే దారిలోని ఒక స్వారీశాలకు చేరింది. అక్కడ రెండు గుర్రాలను కరచి, ఒక సాయీసును తన్నింది. యజమాని వైద్యుని పిలిపించి విత్తులు తీయించాడు. అటుపైనా కుంటికాలు కుంటికాలే గనుక, నెలాఖరులోగా ఎవరైనా తీసుకొనిపోతే ఉచితంగా ఇచ్చివేస్తానన్నాడు.

ఈ వార్తను మాస్టారికి చేరవేసినవాడు ఆయన పూర్వవిద్యార్థి. మేడ్చల్ అవతల మామిడితోట ఉన్నవాడు, 38 ఏండ్లవాడు. ఊరకే చూచివద్దాము రండి మాస్టారూ అని ఒక ఆదివారం బండి మీద తీసుకొనిపోయాడు.

గుర్రం చాలాసేపు ఎడంగా నిలిచి చూచింది. పిమ్మట రెండడుగులు ముందుకు వేసి, మాస్టారి భుజం మీద మూతి ఆనించి, వెచ్చని ఊపిరి విడిచింది. అంతే. హయగ్రీవుడు మాస్టారికి ఇష్టదైవం. ముప్పది యేండ్లు విద్యార్థులచేత ఆ స్వామి ధ్యానము చేయించినవారు. స్వామియే దీనిని పంపినాడన్న భావన తటాలున మెరిసింది. మన కోరికకు అనుకూలించే శకునమును మాత్రము రెండుమార్లు పరీక్షించుట సాధకునకు క్షేమం. కాని ఆ ఉదయాన ఆయనకు అంత వ్యవధి లేకపోయింది.

ఇంటికి వచ్చి చెప్పగా ఇల్లాలు చేతిలోని బియ్యపు చేటను క్రింద పెట్టింది.

"గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదంటారు. ఇది కుంటిది. ఏమండీ, దాని ఆయుర్దాయం ఎంత?"

"25 ఏండ్లు, బాగా చూచుకుంటే 30 కూడా."

"ఇప్పుడు దానికి 7. మీకు 63. లెక్క మీరే వేయండి."

ఆమె వేయమన్న లెక్క కఠినమైనది. గుర్రం 25వ యేట కాలము చేసినా మాస్టారికి అప్పటికి 81 నిండుతుంది. నాలుగున్నర క్వింటాళ్ళ దేహం. దినమునకు 8 నుండి 10 కిలోల ఎండుగడ్డి, 30 లీటర్లకు తగ్గని నీరు, పైన దాణా. ప్రతి ఆరెనిమిది వారాలకు డెక్కలు చెక్కించాలి. గుర్రమునకు వాంతి చేసుకొనే శక్తి లేదు. కడుపులో శూల పుట్టిందంటే అర్ధరాత్రియైనా వైద్యుడు రావాలి. పింఛనులో సగానికి పైగా దీనికే పోతుందని కాగితం మీద తేలింది. దినమునకు 20 కిలోల లద్ది ఎత్తవలసినవాడెవ్వడన్న ప్రశ్నకు కాగితం మీద సమాధానం దొరకలేదు.

అయినా ధనము ఆయనను నిజంగా కలవరపెట్టిన విషయం కాదు. ఆయనను నిద్రపోనీయనిది భాగవత పంచమస్కంధం.

భరతచక్రవర్తి రాజ్యమును తృణప్రాయముగా త్యజించి గండకీతీరమున పులహాశ్రమంలో తపస్సు చేస్తున్నాడు. నీరు త్రాగవచ్చిన నిండుచూలాలైన లేడి సింహగర్జన విని ఎగిరి దూకగా గర్భము జారి నదిలో పడింది, తల్లి మరణించింది. కొట్టుకొనిపోయే పిల్లను రాజర్షి చేరదీశాడు. ఇంతవరకు ధర్మమే. పిమ్మట దానికి పచ్చిక తెచ్చుట, తోడేళ్ళ నుండి కాచుట, ఒడిలో నిదురింపజేయుట. ఇట్లు ఒక్కొక్క నియమము జారిపోయింది. అంత్యకాలమున లేడినే స్మరించి లేడియై పుట్టాడు. తెలుగు భాగవతంలో ఈ స్కంధమును రచించినది పోతన కాదు, గంగన. అందుచేతనో ఏమో పారాయణపరులు దీనిని కొంత వేగంగా దాటిపోతుంటారు. మాస్టారు ఈ కథను లెక్కలేనన్నిసార్లు చెప్పారు. శామీర్‌పేటలోని జవహర్ జింకల ఉద్యానం ముందుగా పోయినప్పుడల్లా పిల్లలతో పరిహాసంగా, ఇక్కడ ఎందరు రాజర్షులు ఉన్నారో అనేవారు. ఇప్పుడు ఆ పరిహాసం తన మీదికే తిరిగివచ్చింది.

రాజ్యమును వదిలినవానిని లేడిపిల్ల పట్టుకొన్నది. ఉద్యోగమును వదిలినవానిని గుర్రం పట్టుకొనదని ఏమి నమ్మకం?

రెండవమారు ఆయన ఒంటరిగా వెళ్ళారు. అప్పటికి శస్త్రక్రియ జరిగి ఐదు వారాలు. గాయమును కుట్టకుండా తెరచి ఉంచడం వలన లోపలి స్రావం బయటికి పోతుందనీ, వాపు దిగేందుకు దినమూ నడిపించారనీ, ధనుర్వాతం రాకుండా సూది వేశారనీ సాయీసు వివరించాడు. గాయం పూర్తిగా మానింది. ఇంతలో దారికి అవతలి కొట్టంలో ఒక ఆడగుర్రం సకిలించింది. ఈ గుర్రం చెవులు నిక్కించి, మెడ విల్లువలె వంచి, తోక ఎత్తి, నేల దద్దరిల్లేటట్లు బదులు పలికింది. పగ్గం పట్టిన సాయీసు రెండడుగులు ఈడ్వబడ్డాడు.

"అఖ్తా చేసి ఐదు వారాలాయె సారూ. కోసింది పోయింది గానీ మనసుల ఉన్నది యాడికి పోతది?" అని నవ్వాడు.

మాస్టారు నవ్వలేదు. ఇంద్రియములు గుర్రములు, మనస్సు పగ్గము, బుద్ధి సారథి అని యముడు నచికేతునకు చెప్పిన రథకల్పనను ఆయన యావజ్జీవం బోధించారు. జీవించి ఉన్న గుర్రపు పగ్గాన్ని మాత్రం ఒక్కనాడూ పట్టి ఎరుగరు. విత్తులు తీసిన గుర్రమంటే జితేంద్రియునికి ప్రతీకయని, వానప్రస్థుని వాకిట కట్టదగినదని ఆయన లోలోపల ఒక చిత్రం గీసుకొని ఉన్నారు. ఆ చిత్రం ఒక్క సకిలింపుతో చెదిరిపోయింది. స్థితప్రజ్ఞుని లక్షణములు చెప్పే చోట గీతాచార్యుడు చేసిన హెచ్చరిక ఇదే కదా: ఆహారము మానినవానికి విషయములు దూరమవుతాయి, రుచి మాత్రం లోపలనే ఉంటుంది. వైద్యుడు తన భాషలో అదే చెప్పాడు. రక్తంలోని పుంస్త్వద్రవ్యం త్వరలోనే క్షీణిస్తుంది. అయినా కొన్ని వారాలు ఆడగుర్రములతో కలుపరాదు. పెద్దవయస్సులో శస్త్రము జరిగిన వాటిలో కొన్నింటికి పాత అలవాట్లు నెలలు గడచినా, కొన్నింటికి జన్మాంతం, మిగిలిపోతాయి. కఠోపనిషత్తు మంచి సారథికి మంచి గుర్రములుంటాయని అన్నదే గాని, గుర్రములను కోసివేయమని ఎక్కడా అనలేదు.

ఈ కోయుట ధర్మమా అన్న ప్రశ్న కూడ ఆయనను బాధించకపోలేదు. అశోకుడు తన ఐదవ స్తంభశాసనంలో అష్టమి, చతుర్దశి, పర్వదినములలో ఎద్దులకు, మేకపోతులకు, పొట్టేళ్ళకు విత్తులు తీయరాదని, కొన్ని దినములలో గుర్రములకు వాతలు వేయరాదని ఆజ్ఞాపించాడు. సంపూర్ణ నిషేధం ఆయనకే సాధ్యం కాలేదని దీనివలన గ్రహించవచ్చు. 1960 నాటి జంతుహింసా నివారణ చట్టం కూడ విధించిన పద్ధతిలో చేస్తే దీనిని నేరంగా పరిగణించదు. వంశచ్ఛేదమైపోయిందని మాస్టారు విచారించబోగా వైద్యుడు నవ్వాడు. ప్రపంచంలోని థరోబ్రెడ్ గుర్రాలన్నింటి పితృపరంపర ఇంగ్లండుకు తెచ్చిన మూడు పోతుగుర్రముల దగ్గరకే చేరుతుందట. పుట్టిన మగపిల్లలలో సంతానోత్పత్తికి ఉంచుకొనేవి బహుస్వల్పం. శస్త్రము లేకున్నా ఈ గుర్రం ఏకాకిగా బిగించిన కొట్టంలోనే బ్రతుకు వెళ్ళదీసి ఉండేది. ఇప్పుడైనా తోటిగుర్రంతో మేసే యోగం కలుగవచ్చు. ఈ మాటలోని "తోటిగుర్రం" అన్న పదం మాస్టారి చెవిని తాకింది గాని, ఆయన దానిని అప్పటికి వినిపించుకోలేదు.

తీసుకొనకపోతే ఏమవుతుందన్నది రెండవ పక్షం. 2025 వేసవిలో హైదరాబాదు నుండి జబల్పూరు సమీప గ్రామానికి 57 గుర్రాలను లారీలలో తరలించగా, వాటిలో అనేకం అక్కడ మరణించిన సంగతి, వ్యవహారం మధ్యప్రదేశ్ హైకోర్టు దాకా వెళ్ళిన సంగతి పత్రికలలో అందరూ చదివినదే. ఆ వార్తను నాడు ఆయన నిట్టూర్చి మడిచి పెట్టారు. నేడు ఆ లారీలో ఎక్కించదగిన గుర్రం ఒకటి ఆయన భుజం మీద మూతి ఆనించి ఉన్నది.

ఆ వారం పారాయణంలో ఆయన భాగవతమును ప్రక్కకు పెట్టి ద్రోణపర్వం తెరిచారు. సైంధవవధ నాటి కథ. యుద్ధమధ్యమున గుర్రాలు బాణములు గ్రుచ్చుకొని, దప్పిగొని, అడుగు వేయలేకపోయాయి. అర్జునుడు రథము దిగి నేల మీద నిలిచి శత్రువులను ఆపుతూ, అస్త్రముతో కొలను నిర్మించాడు. జగన్నాథుడు కాడి విప్పి, ఒక్కొక్క బాణమును తన చేతులతో ఊడబెరికి, ఒళ్ళు రుద్ది, నీరు పెట్టి, మేపు వేసి, వాటిని పొర్లనిచ్చాడు. పిదప మరల కాడి కట్టి రథం తోలుకొనిపోయాడు. భరతుడు చేసిన సేవకూ, ఈ సేవకూ చేతులు చేసే పనిలో లేశమైనా భేదం లేదు. భరతుడు లేడిని "నాది" అనుకొన్నాడు. పార్థసారథి ఆ మాట అనుకొన్నట్లు వ్యాసుడు ఎక్కడా వ్రాయలేదు.

ఇక్కడ మాస్టారు తన పుస్తకము మూసి, తాను రెండు వారాలుగా దాచిపెట్టిన విషయమొకటి తనకు తానే ఒప్పుకొన్నారు. పూర్వవిద్యార్థి తోటలో 19 ఏండ్ల ముసలి గుర్రం ఒకటి ఉన్నది. అదీ విత్తులు తీసినదే. దాని జతగుర్రం గత వర్షాకాలంలో చనిపోయిన నాటి నుండి కంచె వెంబడి అటూ ఇటూ తిరుగుతూ, మేత సగం వదలివేస్తున్నది. గుర్రము మందలో బ్రతికే జంతువు, ఒంటరిగా 20 గుంటలలో కట్టివేస్తే మాన్పు చెక్కలు కొరుకుతూ చిక్కిపోతుందని వైద్యుడు మొదటినాడే చెప్పాడు. ఈ రెంటినీ కలుపవచ్చునన్న ఆలోచన పామరునికైనా తట్టేదే. మాస్టారికీ తట్టింది. పైకి మాత్రం అనలేదు. ఎందుకనగా అప్పుడు గుర్రం తన వాకిట ఉండదు. హయగ్రీవుడు పంపినది పరుల ఇంటికి పోతుంది.

మరునాడు ఉదయం జపమునకు ముందే ఆయన విద్యార్థికి ఫోను చేశారు.

"మాస్టారూ, ఈ మాట నేనే అందామనుకున్నాను. మీకంత ప్రీతి కలిగినదాన్ని అడగడానికి నోరు రాలేదు," అన్నాడతడు.

సంరక్షణపత్రం అతని పేరనే వ్రాయించారు. గడ్డి, దాణా, వైద్యము ఖర్చులో సగం మాస్టారిది. వారానికి మూడు ఉదయాలు వెళ్ళి నడిపించడం, మాలీసు చేయడం కూడ ఆయన పనే. మరొక గుర్రంతో కలుపబోయే ముందు గ్లాండర్స్, సర్రా రోగములకు రక్తపరీక్ష చేయించాలని వైద్యుడు పట్టుబట్టాడు. గ్లాండర్స్ మనుష్యులకూ సోకే ప్రాణాంతక వ్యాధి. ఫలితము వచ్చేవరకు తోటలో దూరంగా వేరు కొట్టంలో ఉంచారు. ఇల్లాలు కాగితం మీది లెక్కను మరల చూచి, సగమైతే సరే గాని, మోకాళ్ళు జాగ్రత్త అన్నది. ఆమె మొదటిరోజుననే ఇరవై కిలోల ఉలవలు తెప్పించి ఉంచిన సంగతి ఆయనకు తరువాత తెలిసింది.

కంచెకు ఇరువైపులా రెండు గుర్రాలను మొదటిసారి నిలిపిననాడు కొత్తది చెవులు వెనుకకు వాల్చి, కీచుమని అరచి, ముందరికాలితో నేలను కొట్టింది. ముసలిది కదలలేదు. కొంతసేపు ఒకదాని ముక్కుపుటాలలోని ఊపిరి ఒకటి పీల్చుకొని, రెండూ తల వంచి గడ్డి వైపు తిరిగాయి. వారం దినముల పిమ్మట కంచెగడ తీశారు.

మాస్టారి జపసంఖ్య ఆ మూడు ఉదయాలలో మధ్యాహ్నానికి జరిగింది. అమరకోశ పాఠము ఒక్కనాడూ తప్పలేదు. తప్పితే మానివేస్తానని ఆయన ఇల్లాలికి మాట ఇచ్చారు, ఆమె గడియారం చూస్తూనే ఉన్నది.

పేరు విషయంలో మాత్రం కొంత ఆశాభంగం జరిగింది. శ్రీకృష్ణుని రథానికి కట్టిన నాలుగు గుర్రములలో ఒకటైన బలాహకుని పేరు పెట్టాలని ఆయన మనస్సులో స్థిరపరచుకొని ఉన్నారు. తోటకు వెళ్ళేసరికి విద్యార్థి కూతురు, ఆరేండ్లది, అప్పటికే దానికి బెల్లపుముక్క తినిపిస్తూ "లడ్డూ" అని పిలుస్తున్నది. గుర్రం ఆ పేరుకు చెవి త్రిప్పుతున్నది. మాస్టారు రెండుమార్లు బలాహకా అని పిలిచి చూచారు. అది మేస్తూనే ఉన్నది. మూడవమారు గొంతు తగ్గించి, చుట్టూ ఒకసారి చూచి, లడ్డూ అన్నారు.