గ్యాస్ అయిపోయిందండీ!

వేసవి వచ్చిందంటే మా బెజవాడలో మూడు ఒక్కసారే వచ్చిపడతాయి - ఆవకాయ కారం ఘాటూ, పెళ్ళి శుభలేఖలూ, కారు ఏ.సీ. మొరాయింపూను. మొదటి రెంటికీ ఆడవాళ్ళం ఎలాగూ నడుం కట్టుకునే ఉంటాం. మూడోది మాత్రం మగవాళ్ళ శాఖ. ఆ శాఖని వాళ్ళకి ఎవరు ధారపోశారో నాకింతవరకు బోధపడలేదు.

మా కారుకి 11 ఏళ్ళు. ఏప్రిల్ రాగానే మావారు దాన్ని వీధి చివరి షాపుకి తీసుకెళ్ళడం, వాళ్ళు "గ్యాస్ అయిపోయిందండీ" అని నింపి పంపడం మూడేళ్ళుగా ఉగాది పచ్చడంత నియమంగా జరుగుతున్న తంతు. గ్యాస్ ఏమన్నా పెట్రోలా, ఖర్చయిపోవడానికి? ఇంట్లో ఫ్రిజ్‌కి ఏటేటా పోయిస్తున్నామా? ఆ మాటే అంటే మావారు నవ్వేసి, "నీ సీరియల్ ఎంతవరకు వచ్చింది?" అన్నారు.

ఈ ఏడు గ్యాస్ నింపించినా చల్లబడలేదు. సరిగ్గా అప్పుడే అత్తయ్యగారి గుంటూరు ప్రయాణం. ఆవిడకి 81 ఏళ్ళు, గుండె జబ్బు మనిషి. నెలకోసారి అక్కడి డాక్టరుకి చూపించాలి. దూరం పెద్దదేం కాదు గానీ, మే నెల ఎండలో ఇనప డబ్బాలో కూర్చోవడం ఆవిడ వల్ల అయ్యే పనా? "ఈ నెలకి వద్దులే అమ్మాయ్, మళ్ళీ ఆ మందులే కదా రాసేది" అన్నారు. ఆవిడ "వద్దులే" అన్నారంటే ఏదో దాస్తున్నారన్నమాట. ఆ రాత్రి చీర కుచ్చెళ్ళ కింద కాళ్ళు చూశాను. వాచి ఉన్నాయి.

మావారు క్యాంపులో ఉన్నారు. షాపుకి నేనే వెళ్ళాను. అబ్బాయి బానెట్ ఎత్తి, దించి, "కంప్రెసర్ పోయిందమ్మా, మొత్తం సెట్టు మార్చాలి. 45 వేలవుద్ది. సార్‌ని ఓసారి ఫోన్ చెయ్యమనండి" అన్నాడు. పోయిందని ఎలా తెలిసింది బాబూ అంటే "అనుభవమమ్మా" అన్నాడు. నాడి పట్టకుండానే ఆపరేషన్ అనే డాక్టరు దగ్గర మనం ఉంటామా? కారు ఆటోనగర్ వైపు తిప్పాను.

అక్కడ ఒక ముసలి మెకానిక్ దొరికాడు. నేను తెలుగు ఎమ్మే. ప్రబంధాలు ఎంత తిరగేసినా కంప్రెసర్ కనబడదు. ఆయన చెబితే మాత్రం ఇట్టే అర్థమయింది. ఏ.సీ. చల్లదనాన్ని పుట్టించదుట. లోపలి వేడిని మోసుకెళ్ళి బయట దింపి వస్తుందంతే. ఆ మూటలు మోసే కూలీ గ్యాస్. కూలీని ఒత్తి, తరిమి తిప్పే మేస్త్రీ కంప్రెసర్.

"ముందు గాలి చూడాలమ్మా. గాలే తక్కువొస్తే ఫిల్టర్ మూసుకుపోయిందేమో, ఫ్యాను పాడయిందేమో చూసుకోవాలి. గాలి బాగా వస్తూ చల్లగా లేకపోతేనే ఇటు చూడాలి" అన్నాడు. ఇంజను నడుస్తుండగా నాచేత ఏ.సీ. మీట నొక్కించి, బానెట్ దగ్గర చెవి పెట్టమన్నాడు. 'టక్' మని వినిపించింది. అది క్లచ్ పట్టుకున్న చప్పుడు. అది వినబడకపోతే ఫ్యూజో, రిలేనో, గ్యాస్ మరీ తగ్గిపోవడమో కారణం కావచ్చు. అంతమాత్రాన కంప్రెసర్ పోయినట్టు కాదు. అన్నట్టు, అమెరికాలో 1940 మోడల్ ప్యాకర్డ్ కారులో ఏ.సీ. ఉండేది గాని ఈ క్లచ్ లేదు. ఆపాలంటే కారు నిలిపి, దిగి, బెల్టు ఊడదీయాల్సిందే. చల్లదనం ఎక్కువైందని ఇల్లాలు అంటే పెద్దమనిషి కోటు విప్పి బెల్టుతో కుస్తీ పట్టడం తల్చుకుంటే నాకు నవ్వాగదు.

'టక్' మన్నది కాబట్టి తర్వాతి పరీక్ష. రెండు గడియారాల్లాంటి మీటర్లు తగిలించాడు, నీలంది ఒకటి, ఎర్రది ఒకటి. ఇంజను నడిస్తే నీలం ముల్లు దిగాలి, ఎర్రది ఎక్కాలి. మా కారులో రెండూ కవలపిల్లల్లా పక్కపక్కనే నిలబడ్డాయి. గ్యాస్ నిండా ఉంది, తరిమేవాడే లేడు. కంప్రెసర్ ముందు భాగం మీద వేలు రాసి చూపించాడు. దుమ్ము కలిసిన నూనె జిడ్డు.

"ఈ సీలు దగ్గర కారుతోందమ్మా. గ్యాస్‌తో పాటు నూనె కూడా తిరుగుతుంది. కారినప్పుడల్లా అదీ పోయింది. మీవాళ్ళు గ్యాస్ పోశారుగాని నూనె పోయలేదు."

కందెన లేని బండి ఇరుసు ఏమవుతుందో మన తాతల్నడిగితే చెప్పేవారు! మూడేళ్ళ 'గ్యాస్ అయిపోయిందండీ' కలిసి కంప్రెసర్‌ని అరగదీశాయన్నమాట. ఊడదీసి వంచితే కారిన కాస్త నూనె నల్లగా, మధ్యలో వెండి రజనులా మెరుస్తోంది. అరిగిన లోహపు పొడి.

"కంప్రెసర్ ఒక్కటీ మారిస్తే చాలదా?" అన్నాను, నా పర్సు నాకుంది కదా.

"విరిగిన పాల గిన్నె కడక్కుండా కొత్త పాలు కాస్తారామ్మా?" అన్నాడు.

ఇంకేం అడుగుతాను? గొట్టాలు కడిగించాడు. తేమని పీల్చే డ్రయ్యరూ, ఎక్స్‌పాన్షన్ వాల్వూ కొత్తవి వేశాడు. కొలత ప్రకారం నూనె పోశాడు. పంపు పెట్టి అరగంటకు పైగా లోపలి గాలీ తేమా లాగించి, ఆపి, ముల్లు కదలకుండా నిలిచిందో లేదో కాపు కాశాడు. నిలిచాకే గ్యాస్. అదీ బానెట్ కింద చీటీలో రాసినన్ని గ్రాములు, కంసాలి తూచినట్టు తూచి. ఎక్కువైనా చల్లదనం తగ్గుతుందిట. మొత్తం 22 వేలు. నా నవల పారితోషికం కవరు కవరుగానే ఆయన చేతిలో పెట్టాను. పాత సామాన్లన్నీ సంచిలో వేసి ఇచ్చాడు, అడక్కుండానే. వీధి చివరి షాపు ఒక్కసారైనా అలా ఇచ్చిన పాపాన పోలేదు.

మర్నాడు పదింటికి వారధి దాటాం. గుంటూరులో డాక్టరు కాళ్ళు నొక్కి చూసి, "ఇన్నాళ్ళు ఎందుకు ఆగారమ్మా?" అని నా మీద కేకలేసి మందు మార్చారు. అత్తయ్యగారు ఏమీ ఎరగనట్టు గోడమీది క్యాలెండరు చూస్తూ కూర్చున్నారు.

తిరుగు దారిలో మంగళగిరి దాటుతుండగా, "అమ్మాయ్, చలేస్తోందే. శాలువా తెచ్చావా?" అన్నారు. మే నెలలో బెజవాడలో శాలువా ఎవరు తెస్తారండీ! కొంగు తీసి కప్పాను.