మందిర్ హసౌద్‌లో ఒక మీట పాఠం

విశాఖపట్నం నుండి రాయపూర్ వెళ్ళే రైలు మహానదిని దాటిన తరువాత వచ్చే స్టేషన్లలో మందిర్ హసౌద్ ఒకటి. విజయనగరం, రాయపూర్‌లను కలిపే ఈ మార్గం 1931లో పూర్తయింది. దీని వెంట రైల్వే కొలువులకై తరలివచ్చిన తెలుగు కుటుంబాలు నేటికీ రాయపూర్‌లో ఉన్నాయి. నవ రాయపూర్ వైపు కొత్త లైను ఇక్కడినుండే సాగుతుంది; 2025 మార్చిలో ఆ దారిన అభన్‌పూర్‌కు మెమూ రైలు ప్రారంభమైంది.

ఈ పరిసరాల్లోని ఒక ఇంజనీరింగ్ కళాశాలలో ఎంబెడెడ్ సిస్టమ్స్ తొలి పాఠాలు చెప్పే నిమిత్తం వారం రోజులు గడిపాను. యంత్రం లోపల ఒదిగి, దానికి నియమించిన పనినే చేసే చిన్న కంప్యూటరు గురించిన విద్య ఇది. 1980లో వచ్చిన ఇంటెల్ 8051 చిప్‌లో పని జ్ఞాపకం 128 బైట్లు. విద్యార్థుల చేతుల్లోని ఆర్డ్యునో ఊనో బోర్డులోనూ 2 కిలోబైట్లే. ఇక్కడ పొదుపే మొదటి గుణం.

మూడవనాడు ఒక అభ్యాసం ఇచ్చాను: మీట నొక్కినప్పుడల్లా అంకె ఒకటి పెరగాలి. ఒక విద్యార్థిని బోర్డులో ఒక్క నొక్కుకు మూడు పెరిగింది. శ్రీకాకుళం నుండి వచ్చి స్థిరపడిన కుటుంబం ఆమెది. రాత్రంతా ప్రోగ్రాము తిరగరాసి, ఉదయం నా వద్దకు వచ్చి, “నాకీ విద్య అబ్బదేమో సార్, మానేస్తాను” అన్నది.

ప్రోగ్రాములో తప్పు లేదు. ఆసిలోస్కోపు తెరపై చూపించాను. మీటలోని లోహపు రేకులు ఒకదానినొకటి తాకి కొన్ని మిల్లీసెకన్లపాటు ఎగిరెగిరి పడతాయి. సెకనుకు కోటీ అరవై లక్షల స్పందనలతో నడిచే చిప్ ప్రతి ఎగురునూ ఒక నొక్కుగా లెక్కిస్తుంది. మార్పు కనబడగానే 20 మిల్లీసెకన్లు ఆగి మళ్ళీ చూడమంటే సరిపోతుంది. ఈ సంగతి ముందే చెప్పకపోవడం నా లోపం; దానిని ఆమె తన లోపమనుకున్నది.

ఆ సాయంత్రం విద్యార్థులతో స్టేషనుకు వెళ్ళాను. గూడ్సు బండి సాగిపోతుండగా, రైల్వేలు వాడే ఆక్సిల్ కౌంటరు గురించి చెప్పాను. పట్టాకు అమర్చిన సాధనాలు లోపలికి వెళ్ళిన ఇరుసులనూ, బయటికి వచ్చినవాటినీ లెక్కిస్తాయి. రెండూ సరిపోతేనే ఆ భాగం ఖాళీ.

“అక్కడ ఒకటి మూడయితే సార్?” అని ఆమె అడిగింది.

“లెక్క కుదరకపోతే దారి ఖాళీ అని చెప్పదమ్మా. బండిని ఆపుతుంది.”

ఆమె చదువు మానలేదు. అప్పటినుండి నేను ఎక్కడ పాఠం చెప్పినా, ప్రోగ్రాముకంటే ముందు ఆ ఎగురుడును తెరపై చూపిస్తున్నాను.