ఇరవైలో ఎనిమిది

అక్టోబరు 31తో మా మిషిగన్‌లో గోల్ఫ్ సీజన్ ఖతం. ఆ తర్వాత కూడా ఎండ కాసిన రోజు చూసుకుని ఆడుకోవచ్చు, ఎవరూ వద్దనరు. కానీ నవంబరు 1 నుంచి మార్చి 31 దాకా ఇక్కడ ఆడిన ఆట హ్యాండిక్యాప్ లెక్కలోకి రాదు. అందుకని నవంబరు మొదటి వారం నాకు హిసాబు వారం. ఏప్రిల్‌లో నోటుబుక్కులో రాసుకున్న మక్సదులు ఏమిటి, ఎక్కడిదాకా వచ్చాం అని కూర్చుని చూసుకునే వక్తు.

గోల్ఫ్ అంటే దౌలత్‌మందుల ఆట అని మనవాళ్ల ఖయాల్. కడపలో మా చిన్నాన్న కొడుకైతే ఫోన్లో పకపకా నవ్వుతాడు. "ఏం భాయ్, బంతిని దూరంగా కొట్టేది నువ్వే, పోయి ఎతుక్కునేదీ నువ్వే. దానికి మళ్లీ పైసలు కట్టాల్నా?" అంటాడు. నేను ఆడేది మా ఊరి మునిసిపాలిటీ మైదానంలో. పార్కు లాంటిదే. రిటైరైన పోస్టుమాన్లు, స్కూలు టీచర్లు, మా లాంటి ఐటీ వాళ్లు వస్తారు. నాకు 56 ఏళ్లు. ఈ షౌఖు పట్టుకుని ఆరేళ్లయింది.

ఈ ఏడు ఏప్రిల్ 1న రాసుకున్నవి ఇవి:

1. హ్యాండిక్యాప్ 27 నుంచి 22కి దిగాలి.
2. ఒక్కసారైనా 90 లోపు ఆడాలి.
3. పట్టింగ్ సగటు ఒక ఆటకి 36 దాటకూడదు.
4. అన్ని ఆటలూ నడిచే ఆడాలి. బండి ఎక్కకూడదు.
5. మూడు నెలల షుగర్ పరీక్ష 8.2 నుంచి 7 లోపుకి రావాలి.

అయిదోది గోల్ఫ్ నోటుబుక్కులో ఎందుకుంది అంటారేమో. దాని సంగతి చివర్లో చెప్తా. ముందు ఆట హిసాబు.

మొత్తం 24 ఆటలు ఆడాను. పట్టింగ్ సగటు 38 నుంచి 35కి వచ్చింది. ఇది కామ్యాబ్. పార్ 72 ఉన్న మైదానంలో ప్రతి గ్రీన్ మీదా రెండేసి పట్లు లెక్కేసి పెట్టారు, అంటే 36. సగం ఆట అక్కడే ఉందన్నమాట. రెండొందల యాభై గజాలు పోయిన దెబ్బా ఒకటే, జానెడు దూరం దొర్లించిన దెబ్బా ఒకటే. గోల్ఫ్‌లో ఈ ఇన్సాఫ్ నాకు చాలా పసంద్. బలమున్న కుర్రాళ్లతో దూరంలో పోటీ పడలేను. గ్రీన్ మీద మాత్రం బరాబర్. చలికాలమంతా హాల్లో కార్పెట్ మీద గ్లాసు పడుకోబెట్టి, రోజూ పది నిమిషాలు దొర్లించిన మెహనత్ ఇది. పైసా ఖర్చు లేదు.

నడక 24కి 23. మిగిలిన ఒక్కటీ ఒక దోస్తు ఆఫీసువాళ్ల పోటీ. అక్కడ బండి తప్పనిసరి అన్నారు. 18 హోల్స్ నడిస్తే ఎనిమిది నుంచి పది కిలోమీటర్లు అవుతుంది. బ్యాగుని మూడు చక్రాల తోపుడు బండిలో పెట్టుకుని తోసుకుంటూ పోవడమే. ఇక్కడ చాలామంది బ్యాటరీ బండి ఎక్కేస్తారు. నడిచేవాడికి ఒక ఫాయిదా ఉంది. బంతి దగ్గరికి చేరేలోగా కిందటి దెబ్బ తాలూకు గుస్సా దిగిపోతుంది.

ఇక 90 లోపు. సెప్టెంబరులో ఒక శనివారం, 17 హోల్స్ అయ్యేసరికి 84 దెబ్బలు. చివరిది పార్ 4. అయిదింటిలో ముగిస్తే 89. రెండో దెబ్బ గ్రీన్ అంచున పడింది. పడి, ఒక్క క్షణం ఆలోచించుకున్నట్టు ఆగింది. తర్వాత వాలు మీదుగా నింపాదిగా జారి చెరువులోకి పోయింది. జరిమానా ఒకటి, నాలుగో దెబ్బకి గ్రీన్, ఆ పైన మూడు పట్లు. ఏడు. మొత్తం 91. నాతో ఆడుతున్న పెద్దాయన టోపీ తీసి చెయ్యి కలిపి, "వచ్చే ఏడు ఆ చెరువు ఇక్కడే ఉంటుంది, నువ్వూ ఉండు" అన్నాడు. ఆయనకి 79. ఆ వయసులో ఆ మాట ఉత్త తసల్లీ కాదు, దువా లాంటిది.

హ్యాండిక్యాప్ 23.1 దగ్గర ఆగింది. 22 అందలేదు. ఇక్కడ ఆట తెలియనివాళ్లకి రెండు ముక్కలు. హ్యాండిక్యాప్ అంటే గట్టి ఆటగాడికీ మనకీ ఎన్ని దెబ్బల తేడా ఉందో చెప్పే నంబరు. 2020 నుంచి ప్రపంచమంతా ఒకే పద్ధతి. మైదానం ఎంత కష్టమైందో చూసి ప్రతి స్కోరునీ సరిచేస్తారు. తర్వాత మీ చివరి 20 ఆటల్లో మంచివి 8 మాత్రమే తీసుకుని సగటు కడతారు. మిగిలిన 12 పక్కకి. ఇంకా ఉంది. ఒక హోల్‌లో మీరు ఎంత బర్బాద్ అయినా, లెక్కలో దానికో హద్దు ఉంటుంది. నాలాంటివాడు పార్ 4లో పది కొడితే, చాలా హోల్స్‌లో ఏడే రాసుకుంటారు. పోటీలో పదికి పదీ లెక్కే. హ్యాండిక్యాప్ మాత్రం మాఫ్ చేస్తుంది.

ఎంత రహందిల్ హిసాబో చూడండి! మీరు రోజూ ఎలా ఆడతారని అడగదు. మీ చేతనైనంతలో ఎంత బాగా ఆడగలరని అడుగుతుంది. అందుకే ఎక్కువ రోజులు మనం మన హ్యాండిక్యాప్ కంటే పాడుగానే ఆడతాం. చాలామంది ఇది తెలియక, "నా నంబరు 23, ఇవాళ 30లా ఆడానే" అని మైదానం నుంచి మొహం వేలాడేసుకుని పోతారు. అది పడిపోవడం కాదు భాయ్, మామూలు శనివారం.

ఇప్పుడు అయిదో మక్సద్. అక్టోబరు మూడో వారంలో రిపోర్టు వచ్చింది. 7.3. ఏప్రిల్‌లో 8.2 ఉన్నదానికి ఇది తక్కువేమీ కాదు. డాక్టరమ్మ ఖుష్. కానీ 7 లోపు అనుకున్నాం, రాలేదు.

మా అబ్బాకి 60 ఏళ్లప్పుడు షుగర్ వల్ల కుడి పాదం తీసేశారు. ముందు ఒక వేలు నల్లబడింది, తర్వాత రెండు, తర్వాత పాదం. కడప బజారులో కిరాణా కొట్టు నడిపిన మనిషి. రోజుకి నాలుగుసార్లు ఇంటికీ కొట్టుకీ నడిచేవారు. చివరి ఏళ్లలో వరండాలో కుర్చీ వేసుకుని, దారిన పోయేవాళ్ల నడక చూస్తూ ఫలానావాడి కొడుకని గుర్తుపట్టేవారు. ఆ వయసుకి నాకింకా నాలుగేళ్లు ఉంది. నాలుగో మక్సద్ పక్కనే అయిదోది రాసుకున్నది అందుకే.

రిపోర్టు, నోటుబుక్కు రెండూ టేబుల్ మీద పెట్టుకుని నేను సంతోషపడుతుంటే, మా ఆవిడ చాయ్ తెచ్చి రెండింటినీ చూసింది. "మీ గోల్ఫ్ హిసాబులో మంచి రోజులే లెక్క. డాక్టరమ్మ హిసాబులో అన్ని రోజులూ లెక్క" అంది. చాయ్ పెట్టి వెళ్లిపోయింది.

బాత్ సహీ. ఎర్ర రక్తకణం ఆయుష్షు సుమారు 120 రోజులు. అది బతికినన్నాళ్లూ నెత్తురులోని చక్కెర దానికి అంటుకుంటూనే ఉంటుంది. ఆ పరీక్ష చూసేది అదే, గడిచిన రెండు మూడు నెలల సగటు. శనివారం పది కిలోమీటర్లు నడిచిందీ అందులో ఉంటుంది, ఆదివారం దావత్‌లో తిన్న డబుల్ కా మీఠా కూడా ఉంటుంది. ఇరవైలో ఎనిమిది తీసుకుని మిగతావి వదిలెయ్యమంటే ఒంటికి వినబడదు.

నాకు రెండు హిసాబులూ కావాలనిపిస్తోంది. ఒకటి ఉమ్మీద్ కోసం, ఇంకోటి బతకడం కోసం. ఆటని సగటుతో చూసుకుంటే ఎవరూ రెండో ఏడు మైదానానికి రారు. ఒంటిని మంచి రోజులతో చూసుకుంటే ఎంతకాలం మైదానానికి రాగలమో చెప్పలేం. కష్టమల్లా ఏ హిసాబు ఎక్కడ వాడాలో గుర్తుంచుకోవడంలోనే ఉంది. పిల్లల మార్కులు, దోస్తుల మాటలు, ఇంట్లోవాళ్ల చిరాకులు, వీటికి ఇరవైలో ఎనిమిది పద్ధతి ఎంత హాయో! మందులకీ నడకకీ తిండికీ మాత్రం రోజువారీ పద్దు.

వచ్చే ఏడుకి రాసుకున్నవి తక్కువే. 90 లోపు ఒక ఆట, ఆ చెరువుతో బాకీ ఉంది కాబట్టి. పట్టింగ్ 34. హ్యాండిక్యాప్‌కి ఈసారి నంబరు పెట్టలేదు, అది దానంతటదే దిగాలి. షుగర్ 6.8. దాని పక్కన కొత్త గడి ఒకటి గీశాను. వారానికి ఒక శనివారం కాదు, ఏడు రోజులూ నలభై నిమిషాల నడక, మంచు పడినా సరే. బయట వీల్లేకపోతే షాపింగ్ మాల్ ఉంది. పొద్దున దుకాణాలు తెరవక ముందే తలుపులు తీస్తారు. నాలాంటి తెల్లగడ్డాలు అక్కడ గుంపులుగా తిరుగుతుంటాయి.

నవంబరు 1న మొదటి గడిలో టిక్కు పెట్టాను. ఇప్పటికి ఆరయ్యాయి.