ఆటు వేళ

ఫ్లై ఫిషింగ్ అనగానే మంచుకొండలు, చల్లటి ఏరు, ట్రౌట్ చేప గుర్తొస్తాయి. దాన్ని ఉప్పునీటిలో కూడా చేస్తారనీ, మన కాకినాడ అఖాతంలోనూ చెయ్యొచ్చనీ చెబితే మాదాపూర్ ఆఫీసులో ఎవరూ నమ్మలేదు. "మార్కెట్లో కేజీ కొనుక్కుంటే పోలా?" అన్నారు. న్యాయమైన ప్రశ్నే.

మామూలు గాలానికి బరువు కొసన ఉంటుంది. ఆ బరువే దారాన్ని లాక్కుపోతుంది. ఇక్కడ వ్యవహారం తలకిందులు. ఎరంటే కొక్కేనికి కట్టిన నాలుగు వెంట్రుకలు, దానికి బరువు ఉండీ లేనట్టే. బరువంతా లావుపాటి లైన్‌ది. ముందుకి విసరాలంటే మొదట వెనక్కి విసరాలి. ఆ లైన్ మన వీపు వెనక పూర్తిగా చాపుకునేదాకా ఆగాలి. క్షణం తొందరపడితే కొరడాలా టప్పున పేలి ఎర ఊడిపోతుంది. కొండాపూర్‌లో మా అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద, కొక్కెం బదులు ఊలు ముక్క కట్టి, ఈ ఆగడాన్నే రెండు నెలలు సాధన చేశాను. సంక్రాంతి రోజులు. పక్క బ్లాక్ పిల్లాడొకడు చాలాసేపు చూసి, "మాంజా ఉంది గానీ పతంగి ఏది అంకుల్?" అన్నాడు.

చలికాలమే ఎందుకంటే, ఈ ఎరకి వాసన లేదు. చేప కంటితో చూస్తేనే పట్టుకుంటుంది. వానాకాలంలో గోదావరి వరద తెచ్చే ఎర్రనీళ్ళు గాడేరు, కోరంగి పాయల గుండా అఖాతంలోకి దిగుతాయి. అక్టోబరు, నవంబరుల్లో తుఫానుల భయం. డిసెంబరు వచ్చాక నీళ్ళు తేరుకుంటాయి. అలలకు హోప్ ఐలాండ్ ఎలాగూ అడ్డు. శుక్రవారం రాత్రి లింగంపల్లిలో గౌతమి ఎక్కితే శనివారం పొద్దున కాకినాడ.

నా దగ్గర తొమ్మిదడుగుల రాడ్ ఉంది. నీళ్ళ సంగతి తెలిసింది మాత్రం పడవ నడిపే అన్నకి. అభయారణ్యం హద్దు దాటకుండా, మడ అడవిలోంచి వచ్చే పాయకి ఎదురుగా లంగరు వేస్తాడు. పోటుకి మడవేళ్ళ మధ్యకి పోయిన రొయ్యలూ చిరుచేపలూ ఆటుకి బయటికి రావాల్సిందే. పండుగప్ప ఆ దారిలోనే కాపు కాస్తుంది. నేను రాడ్ ఎత్తబోతే "ఇప్పుడే కాదండీ, నీరు లాగనివ్వండి" అంటాడు. ఇక్కడా ఆగడమే.

ఆ ఫిబ్రవరిలో ఒక పెద్ద పండుగప్ప పడింది. ఏడెనిమిది కేజీలుంటుంది. చేతులు వణుకుతుండగా కొక్కెం తీసి, దాన్ని నీళ్ళలోనే కాసేపు పట్టుకుని వదిలేశాను. అన్న ముఖం మారిపోయింది.

"సేతికొచ్చినదాన్ని ఎనక్కి వదిలేత్తారేంటండీ?"

ఆయన పడవకి నేనిచ్చే డబ్బుకంటే ఆ చేప ఖరీదెక్కువ. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. నాకు తెలిసింది చెప్పాను: పండుగప్ప మొదట మగగా ఎదుగుతుంది, కొన్నేళ్ళకి బాగా పెద్దదయ్యాక ఆడదవుతుంది. అంత పెద్దదాన్ని చంపితే లక్షల గుడ్లు పెట్టే తల్లిని చంపినట్టే. ఆయన శ్రద్ధగా విన్నాడు.

"నిజమేనండీ. అందుకేగా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా పడవలు ఒడ్డున కట్టేత్తాం. మీరు ఒక్క సేపని వదిలేరు. మేం ఏటా 61 రోజులు సముద్రాన్నే వదిలేత్తన్నాం."

వేట నిషేధాన్ని నేనెప్పుడూ ప్రభుత్వ ఉత్తర్వుగానే చదివాను. ఒక మనిషి వదులుకోవడంగా వినడం అదే మొదలు. క్యాచ్ అండ్ రిలీజ్ మంచిదేనని ఇప్పటికీ అంటాను. చేపలు పెరగాలంటే పెద్దవి మిగలాలి. కానీ వదిలేశాక నాకు హోటల్లో భోజనం సిద్ధంగా ఉంటుంది. ఒకే పనికి ఇద్దరం కట్టే వెల ఒకటి కాదు.

ఇప్పుడు మా మధ్య ఒక ఒప్పందం ఉంది. పెద్దవి నీళ్ళలోకి, ఆ రోజు పడవ కిరాయి ఎక్కువ. కూరకి సరిపోయేవి ఆయన ఇష్టం. మొన్న డిసెంబరులో రెండు కేజీలది పడితే నేనే బుట్టలో వేశాను. అన్న దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది మగదే కదండీ?" అని నవ్వాడు.