డెబ్బై రెండు మార్కులు

మా అమ్మాయి ప్లస్ టూ హిస్టరీ మోడల్ పరీక్షల మార్కులు క్యాలెండర్ మీద రాసుకుంటోంది. 48, 61, 72. "ఇంక భయం లేదు నాన్నా" అంది. నేనూ నమ్మేశాను. మార్కులు పెరుగుతుంటే ఎవరికి చేదు?

మా అమ్మ పక్కనే వత్తులు చేసుకుంటూ, "ఏటమ్మా, మన బరంపురం ఒడిశాలో ఎప్పుడు కలిసింది?" అంది.

"1936 ఏప్రిల్ 1." టక్కున చెప్పింది.

"అంతకుముందు మద్రాసులో ఉండేది కదే, ఎందుకు విడదీశారు?"

పిల్ల నోట మాట లేదు. నాకూ సగమే తెలుసనుకోండి.

అప్పుడు పేపర్లు తీసి చూశాను. మూడూ ఒకే గైడులోవి. సగం ప్రశ్నలు మళ్లీ మళ్లీ వచ్చినవే. పెరిగింది ఎక్కువగా ఆ గైడుతో పరిచయమే! పోయిన మార్కులన్నీ 'కారణాలు రాయండి' దగ్గరే పోయాయి. కొత్త పేపరొకటి తెచ్చి, గడియారం పెట్టి రాయించాను. 53. ఏడ్చింది.

ఇప్పుడు రోజూ సాయంత్రం పుస్తకం మూసి, నానమ్మకి ఒక కారణం చెప్పాలి. ఒడియా మాట్లాడేవాళ్లు మూడు రాష్ట్రాల్లో చెదిరి ఉండటం, 1903 నుంచి ఉత్కళ సమ్మిళని అడుగుతూ రావడం, గంజాం జిల్లాని చీల్చి శ్రీకాకుళం, టెక్కలి, సోంపేట వైపు మద్రాసులోనే ఉంచేయడం, అన్నీ వరసగా చెప్తోంది. మొన్న ఇంకో కొత్త పేపరులో 64 వచ్చింది. పాత 72 కన్నా నాకు ఇదే ధైర్యం. పరీక్షకి ఇంకా మూడు వారాలుంది.

"మరి మనవాళ్లు ఇక్కడే ఎందుకు ఉండిపోయారే?" అని నిన్న అడిగింది మా అమ్మ. అది సిలబస్‌లో లేదట.