రెండు రూపాయల వడ్డీ

విశాఖపట్నంలో ఒక విశ్వవిద్యాలయపు వైద్య పరిశోధనశాలలో కాగితాలూ డబ్బూ చూసే పని చేసి, రిటైరయ్యాక కోనసీమలోని మా అప్పనపల్లి వచ్చేశాను. ఊళ్లో కొందరికి నేనింకా "డాక్టర్ల దగ్గర చేసినాయన"నే. బీపీ మాత్ర పొద్దున వేసుకోవాలా రాత్రి వేసుకోవాలా అని అడుగుతుంటారు. నేను ఎవరికీ మాత్ర ఇచ్చినవాణ్ణి కాదు. మందుల మీద పరిశోధన చేసేవాళ్లకు డబ్బెప్పుడొస్తుందో, రాకపోతే ఎందుకు రాలేదో చెప్పినవాణ్ణి. ఎక్కువగా చెప్పింది రెండోదే.

మా ల్యాబుకు డబ్బు ప్రధానంగా ఢిల్లీలోని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) నుంచి వచ్చేది. 1911లో ఇండియన్ రీసెర్చ్ ఫండ్ అసోసియేషన్‌గా మొదలై 1949లో పేరు మార్చుకున్న సంస్థ అది. ప్రొఫెసరు గారు ప్రాజెక్టు రాస్తారు, అక్కడి కమిటీ చూస్తుంది, ఒప్పుకుంటే సాంక్షన్ ఆర్డరు వస్తుంది. ఆ రోజు ల్యాబులో స్వీట్లు పంచుతారు. నేను మాత్రం ఆర్డరు తిరగేసి హెడ్లు చూసేవాణ్ణి. సిబ్బంది జీతాలకింత, పరికరాలకింత, రసాయనాలకింత, ప్రయాణాలకింత, కంటింజెన్సీకింత, విశ్వవిద్యాలయానికి ఓవర్‌హెడ్ ఇంత. ఒక హెడ్‌లో మిగిలింది ఇంకో హెడ్‌లో వాడాలంటే మళ్లీ ఢిల్లీ అనుమతి కావాలి. మొదటి ఏడాది డబ్బు ముందే వస్తుంది. రెండో ఏడాదిది రావాలంటే మొదటి ఏడాది ఖర్చుల పట్టీ, వినియోగ ధ్రువపత్రం, పని నివేదిక వెళ్లాలి. ఆ ధ్రువపత్రాన్ని అందరం యూసీ అంటాం. యూసీ వెళ్లిన రోజుకూ డబ్బు పడిన రోజుకూ మధ్య ఏం జరుగుతుందో ఏ ఆర్డరులోనూ రాయరు. నా ఉద్యోగమంతా ఆ మధ్యకాలంలోనే గడిచింది.

1990ల్లో ఒక బోదకాలు ప్రాజెక్టు పని మీద మా బృందం కోనసీమ వచ్చింది. నాది ఈ ప్రాంతమేనని, చిల్లర ఖర్చులకు చేతిలో ఇంప్రెస్ట్ డబ్బు ఉండాలని నన్నూ వెంట తెచ్చారు. బోదకాలు క్రిములు పగలు రక్తంలో దొరకవు. వాటిని మోసే క్యూలెక్స్ దోమ రాత్రి కుడుతుంది గనక అవీ రాత్రే పైరక్తంలోకి వస్తాయి. అందుకని రాత్రి పది దాటాక ఇంటింటికీ వెళ్లి, నిద్రపోతున్నవాళ్లను లేపి, వేలు గుచ్చి, గాజుపలక మీద రక్తం పూత తీసుకోవాలి. అరుగు మీద పెట్రోమాక్స్ లైటు, చుట్టూ ఊరి కుక్కలు, దొంగలొచ్చారని అరిచే ఒక ముసలమ్మ. "పగలంతా ఎక్కడికెళ్లార్రా, అర్ధరాత్రి నెత్తురు తియ్యడానికొచ్చారు?" అని ఆవిడ తిట్టిన తిట్లు మా డాక్టర్లలో కొందరికి అర్థం కాకపోవడమే మంచిదైంది.

అప్పటికి బోడసకుర్రు దగ్గర వంతెన లేదు. గోదావరి పాయ వైనతేయ దాటాలంటే పడవే. వేళ కాని వేళ దాటించినందుకు పడవవాడికి మామూలు కంటే ఎక్కువ ఇచ్చి రసీదు అడిగాను.

"రసీదేంటండి బాబూ? ఆయ్, గోదారి దాటించానా లేదా? ఈవలి గట్టున నిలబడ్డారు కదా, ఇంకేం కావాలండి?"

తెల్లకాగితం మీద రాసి వేలిముద్ర వేయించుకున్నాను. ఏడాది తర్వాత ఆడిట్ వచ్చింది, కొర్రీలు పడ్డాయి. పడవ ఖర్చుకు ముద్రించిన రసీదు ఏది? జీపు లాగ్‌బుక్‌లో రాత్రి 11 గంటలకు ప్రయాణం ఉంది, ఆఫీసు వేళలు దాటాక వాహనం ఎందుకు తిరిగింది? మొదటిదానికి వేలిముద్ర కాగితం చూపించాను. రెండోదానికి, క్రిమి ఆఫీసు వేళలు పాటించదని శాస్త్రీయ కారణాలతో ఒక పేజీ రాసి, ప్రొఫెసరు గారి సంతకం పెట్టించి పంపాను. కొర్రీ ఎత్తేశారు. ఆ పేజీ నకలు చాలాకాలం దాచుకున్నాను. నా పేరు లేకపోయినా, నేను రాసిన ఏకైక పరిశోధనా పత్రం అదే.

ఆ రాత్రుల్లో క్రిములు కనబడినవాళ్లకు ఇచ్చిన మాత్ర డైఇథైల్‌కార్బమజైన్. అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో యల్లాప్రగడ సుబ్బారావు గారి ఆధ్వర్యంలో తయారై, 1947లో హెట్రజాన్ పేరుతో వెలుగులోకొచ్చిన మందు. ఆయన పుట్టింది 1895లో, భీమవరంలో. గోదావరి జిల్లాల వీధుల్లో బోదకాళ్లు చూస్తూనే పెరిగి ఉంటాడు. ఆయన గొప్పతనం అందరూ చెబుతారు. నేను ఆయన జీవితంలో డబ్బు లెక్క చూస్తాను, అలవాటు. చదువుకు అమెరికా వెళ్లడానికి మామగారి డబ్బు, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మనిధి సాయం. అక్కడికి చేరాక బోస్టన్ ఆస్పత్రిలో రాత్రిపూట పోర్టరు పని. 1925లో ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి కనిపెట్టిన మనిషి, హార్వర్డ్‌లో స్థిరమైన స్థానం దక్కక 1940లో ఆ లెడర్లీ కంపెనీ ల్యాబుకు వెళ్లాడు. ఆ పద్ధతికి వాడే రసాయనాలకు నేను ఇండెంట్లు పెట్టాను. పరిశోధన చేసేవాడు రేపటి అన్నం గురించి ఆలోచించడం మనదగ్గర కొత్తేమీ కాదు.

ఆడిట్‌ను తిట్టడం తేలిక. నేను తిట్టను. మార్చి నెలాఖరున డబ్బు మురిగిపోతుందని హడావుడిగా కొన్న యంత్రం ఏళ్ల తరబడి అట్టపెట్టెలోనే ఉండిపోవడం వేరే చోట కళ్లారా చూశాను. స్టాక్ రిజిస్టరులో మాత్రం ఫలానా పేజీలో చక్కగా ఎక్కించి ఉంది. అలాంటివి పట్టుకోవడానికైనా ఎవరో ఒకరు అడగాలి.

2014 అక్టోబరు 12, ఆదివారం, హుద్‌హుద్ తుపాను. విశాఖలో ఉన్నవాళ్లకు ఆ గాలి గురించి చెప్పక్కర్లేదు. మాకు మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్లలో ఏళ్లుగా పోగుచేసిన రక్తనమూనాలున్నాయి. అవి కరిగితే మళ్లీ కొనడానికి ఏ కంపెనీలోనూ దొరకవు. కరెంటు పోయింది, ఫోన్లు పోయాయి, రోడ్ల నిండా చెట్లు. జనరేటరు ఉంది, డీజిలుండాలి కదా. బంకుల ముందు బారులు, ఏటీఎంలు మూత. ప్రొఫెసరు గారి ఇంట్లో ఉన్న నగదు, నా దగ్గరున్నది, ఒక స్కాలరు పర్సులోది కలిపి డబ్బాలు పట్టుకుని నడిచాం. కరెంటు వచ్చేదాకా అదే పని. బంకులో బిల్లు యంత్రం పనిచేయక కాగితం మీద రాసిచ్చారు. ఫ్రీజర్లు నిలబడ్డాయి.

తర్వాత ఆడిటరు గారు అడిగారు: కంటింజెన్సీ అయిపోయాక డీజిలు ఏ హెడ్‌లో రాశారు, కొటేషన్లేవి? అప్పటి నిబంధనల ప్రకారం కొటేషన్ లేకుండా 15,000 రూపాయల దాకానే కొనవచ్చు. తుపాను మర్నాటి పత్రిక కటింగులు ఫైల్లో పెట్టి చూపించాను. ఆయన చదివి, "మీ ఇల్లు ఎలా ఉందండీ?" అని అడిగి సంతకం పెట్టారు. ఆడిటర్లలో అలాంటివాళ్లుంటారు.

ఇవన్నీ ఎలాగో గట్టెక్కిన సంగతులు. గట్టెక్కనిది ఒకటుంది.

ప్రాజెక్టు సిబ్బంది విశ్వవిద్యాలయ ఉద్యోగులు కారు. ప్రాజెక్టు ఉన్నన్నాళ్లే వాళ్లుంటారు, ఆ హెడ్‌లో డబ్బుంటేనే జీతం. 2019లో జూనియర్ రీసెర్చ్ ఫెలోల నెలసరి ఫెలోషిప్ 25,000 నుంచి 31,000కి పెరిగింది. స్కాలర్లు సంబరపడ్డారు. అదే కాలంలో మా ప్రాజెక్టు ఒకదానికి రెండో విడత రాలేదు. యూసీ వెళ్లింది, తిరిగొచ్చింది. ఫారం మారిందన్నారు. 2017 ఆర్థిక నిబంధనలతో పాత 19-ఏ పోయి 12-ఏ వచ్చింది కదా, మళ్లీ పంపాం. ఆడిట్ చేసిన లెక్క కావాలన్నారు, పంపాం. పెరిగిన జీతం సంగతి అటుంచి, పాత జీతమే నెలల తరబడి లేదు. ఫైనాన్స్ విభాగంలో పెద్దాయన దగ్గరికెళ్లి ఓవర్‌హెడ్ ఖాతా నుంచి సర్దమని అడిగాను. "రాని డబ్బు మీద ఖర్చెలా రాయమంటారు మాస్టారూ? రేపు అది అసలు రాకపోతే?" అన్నారు. నిబంధన ప్రకారం ఆయన మాట తప్పు కాదు. అదే బాధ.

మా వైపు కుర్రాడొకడు ఆ ప్రాజెక్టులో ఉండేవాడు. ల్యాబులో పరీక్షలు మానలేదు, సెలవు పెట్టలేదు. గది అద్దెకు రెండు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చాడని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. అతను ఆ వడ్డీ కడుతున్న రోజుల్లోనే నేను ఇంకో ప్రాజెక్టు ఖాతాలో పోగైన బ్యాంకు వడ్డీ లెక్కగట్టి, కొత్త నిబంధన ప్రకారం కేంద్ర ప్రభుత్వానికి భారత్‌కోశ్ పోర్టల్‌లో తిరిగి జమ చేస్తున్నాను. పరికరాల టెండరు తేలక ఖాతాలో ఊరకే ఉన్న డబ్బు సంపాదించిన వడ్డీ అది. ఢిల్లీ వడ్డీ ఢిల్లీకి పైసాతో సహా చేరింది, చలానా ఫైల్లో పెట్టాం. కుర్రాడు కట్టిన వడ్డీకి మాత్రం ఏ హెడ్డూ లేదు. బకాయి జీతం చివరికొచ్చింది. వచ్చాక అప్పు తీర్చి, ఒక మందుల కంపెనీలో ఉద్యోగం చూసుకుని వెళ్లిపోయాడు. అతని చేతికి అలవాటైన పని కొత్తవాళ్లకు నేర్పడానికి ల్యాబుకు చాలాకాలం పట్టింది. ఆ నష్టం ఏ ఖర్చుల పట్టీలోనూ కనబడదు.

మా ఊరి బాలబాలాజీ గుడి గురించి పెద్దలు చెప్పే కథలో, మొల్లేటి రామస్వామి గారు కొబ్బరి వ్యాపారపు లాభంలో ముందు దేవుడి వాటా తీసి పక్కన పెట్టేవారట. ఓవర్‌హెడ్ అంటే విశ్వవిద్యాలయం తీసుకునే వాటాయే. గదికీ, కరెంటుకూ, మాలాంటి గుమాస్తాలకూ అది కావలసిందే, కాదనను. కానీ ఆ వాటాలోంచి కొంత ముందే తీసి పెట్టి, గ్రాంటు ఆలస్యమైనప్పుడు ప్రాజెక్టు సిబ్బంది జీతాలకు అప్పుగా ఇచ్చి, డబ్బు రాగానే తిరిగి జమ చేసుకుంటే ఎవరి సొమ్మూ పోదు. దానికి పాలకమండలి తీర్మానం ఒక్కటి చాలు. గ్రాంటు అసలే రాకపోతే నష్టం భరించేది ఎవరన్నది కూడా అందులోనే రాసిపెట్టాలి. లేకపోతే సంతకం పెట్టేవాడు భయపడతాడు, భయపడటం సహజం.

2025 జూన్‌లో కేంద్రం శాస్త్ర పరిశోధనా సంస్థలకు కొనుగోలు నిబంధనలు సడలించింది. కొటేషన్ లేకుండా కొనే పరిమితి లక్ష నుంచి రెండు లక్షలకూ, కమిటీ ద్వారా కొనేది 25 లక్షలకూ పెంచింది. మంచి పని, నా హయాంలో జరిగుంటే ఎంతో సమయం మిగిలేది. అయితే ఆ సడలింపు వస్తువులు కొనడానికే, మనుషుల జీతాలకు కాదు.

మీ పిల్లలెవరైనా విశ్వవిద్యాలయ ప్రాజెక్టులో చేరబోతుంటే ప్రొఫెసరు గారి పేరుప్రతిష్ఠలతో పాటు ఇంకో రెండు సంగతులు అడగమనండి: ప్రాజెక్టు ఎన్నో ఏడాదిలో ఉంది, కిందటేటి యూసీ వెళ్లిందా లేదా. అడిగితే ఏమనుకుంటారోనని మొహమాటపడనివ్వకండి. ఆ జవాబు నాలాంటి గుమాస్తా దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది.